ఆర్కిటెక్ట్ ఉద్యోగం ఇంటర్వ్యూ: శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా మే, జూన్ వచ్చేసరికి నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. బీఆర్క్ (ఐదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ) చివరి జ్యూరీ, అంటే ఆఖరి ప్రాజెక్టు పరీక్ష, అయిపోయిన మన రెండు జిల్లాల పిల్లలు చేస్తారు. ఒక్కోసారి వాళ్ల అమ్మానాన్నలు చేస్తారు. నేను విజయనగరంలో ప్రాక్టీసు చేస్తున్నాను. అంతకుముందు వైజాగ్‌లో, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేశాను. ఇంటర్వ్యూ ఇచ్చాను, ఇప్పుడు తీసుకుంటున్నాను. అడిగిన సందేహాలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదివినా అర్థమవుతుంది.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. చిన్న ఆఫీసైనా పెద్ద ఆఫీసైనా ఇంటర్వ్యూలో చూసేది ముఖ్యంగా ఒకటే. మీరు గీసిన గీత అక్కడ ఎందుకుందో మీకు తెలుసా లేదా అని.

## అప్లై చేసే ముందు

శ్రీకాకుళం, విజయనగరంలో ఉద్యోగం దొరుకుతుందా? వైజాగ్ వెళ్లాల్సిందేనా?

దొరుకుతుంది, కానీ ఆఫీసులు తక్కువ. ఉన్నవి కూడా చిన్నవి. ఒక ఆర్కిటెక్టు, ఇద్దరు ముగ్గురు డ్రాఫ్ట్స్‌మెన్, ఒక సైట్ ఇంజనీరు ఉంటారు. ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, కల్యాణ మండపాలు, ప్రైవేటు స్కూళ్లు, ఆసుపత్రులు వంటి పనులు వస్తాయి. భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల లేఔట్ల పని కూడా ఉంటోంది. ఇలాంటి ఆఫీసులో మొదటి ఏడాదిలోనే ప్లాన్ గీయడం నుంచి మేస్త్రికి వివరించడం వరకు అన్నీ మీ చేతి మీదుగా వెళ్తాయి. వైజాగ్, హైదరాబాద్ పెద్ద ఆఫీసుల్లో పని పద్ధతి, డ్రాయింగ్ క్రమశిక్షణ బాగా వస్తాయి కానీ ఏడాదంతా టాయిలెట్ డీటెయిల్స్ మాత్రమే గీసిన వాళ్లూ నాకు తెలుసు. వీలైతే మొదటి రెండేళ్లు బయట చేసి రమ్మని నేను చెబుతాను. ఇంటి పరిస్థితుల వల్ల కుదరకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు బాధపడొద్దు. ఇక్కడ నేర్చుకునే సైటు పని అక్కడ అంత త్వరగా దొరకదు.

డిగ్రీ అయిపోయింది, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఇంకా రాలేదు. అప్లై చేయొచ్చా?

చేయొచ్చు. ఆఫీసులో రిజిస్టర్డ్ ఆర్కిటెక్ట్ కింద పనిచేయడానికి ఇబ్బంది లేదు. కానీ రెజ్యూమేలో మీ పేరు ముందు ‘ఆర్కిటెక్ట్’ అని మాత్రం రాయకండి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైన వాళ్లే ఆ పేరు వాడుకోవాలి. ‘బీఆర్క్ గ్రాడ్యుయేట్, కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేశాను’ అని రాస్తే చాలు. అలా రాసిన వాళ్లకు చట్టం తెలుసని ఎదుటివాళ్లకు అర్థమవుతుంది. దరఖాస్తు మాత్రం నిజంగా చేసి ఉండండి.

ఎక్కడా ప్రకటన లేదు. మెయిల్ పెడితే చూస్తారా?

చిన్న ఆఫీసులు ప్రకటనలు ఇవ్వడం అరుదు. పని ఎక్కువైనప్పుడు వచ్చిన మెయిళ్లలోంచే ఒకరిని పిలుస్తారు. అందుకే పంపండి. కాకపోతే ఒకే మెయిల్‌ను ముప్పై ఆఫీసులకు ఒకేసారి పంపితే మొదటి వరుసలోనే తెలిసిపోతుంది. ఆ ఆఫీసు కట్టిన భవనం ఒకటి చూడండి. వీలైతే స్వయంగా వెళ్లి చూడండి. అందులో మీకు నచ్చిన విషయం రెండు వాక్యాల్లో రాయండి. ఎప్పటి నుంచి చేరగలరో, ఏ ఊళ్లో ఉంటారో రాయండి. మొత్తం పది వరుసలు దాటకూడదు. వాట్సాప్‌లో అడగకుండా పోర్ట్‌ఫోలియో (మీరు చేసిన డిజైన్ల సంకలనం) పంపొద్దు.

రెజ్యూమేలో ఏం రాయాలి?

ఒక పేజీ. చదువు, ట్రైనింగ్ చేసిన ఆఫీసు, అక్కడ మీరు చేసిన పని, సాఫ్ట్‌వేర్లు, ఫోన్ నంబరు. సాఫ్ట్‌వేర్ల పక్కన చుక్కలు, శాతాలు పెట్టొద్దు. ‘ఆటోక్యాడ్‌లో వర్కింగ్ డ్రాయింగ్ సెట్ పూర్తిగా చేశాను’ అన్న వాక్యం ఐదు చుక్కల కన్నా ఎక్కువ చెబుతుంది. వర్కింగ్ డ్రాయింగ్ అంటే సైటులో చూసి కట్టడానికి ఇచ్చే కొలతల డ్రాయింగ్.

## పోర్ట్‌ఫోలియో

ఎన్ని పేజీలు ఉండాలి?

ఇరవై, ఇరవై ఐదు పేజీలు. మెయిల్‌లో తేలిగ్గా తెరుచుకునేలా పది ఎంబీలోపు పీడీఎఫ్. ఐదేళ్లలో చేసిన అన్ని ప్రాజెక్టులూ పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. నాలుగు ప్రాజెక్టులు బాగా చూపించండి. అన్నిటికన్నా బాగున్నది మొదట, రెండోది చివర. చూసేవాళ్లు మధ్యలో తొందరగా తిప్పేస్తారు. స్కేలు, ఉత్తర దిక్కు గుర్తు, సైటు ఉన్న ఊరు ప్రతి ప్లాన్ మీదా ఉండాలి. ఉత్తరం గుర్తు లేని ప్లాన్ చూస్తే నాకు వెంటనే అనుమానం వస్తుంది, ఎండ ఎటు నుంచి వస్తుందో ఈ పిల్లాడు ఆలోచించాడా అని.

రెండర్లు నాకు అంత బాగా రావు. నష్టమా?

పెద్దగా కాదు. రెండర్లు, అంటే కట్టాక భవనం ఎలా ఉంటుందో చూపే కంప్యూటర్ బొమ్మలు, చేసేవాళ్లు బోలెడు మంది దొరుకుతారు. మంచి సెక్షన్, అంటే భవనాన్ని నిలువునా కోసినట్టు చూపే డ్రాయింగ్, గీసేవాళ్లు దొరకరు. ఒక ప్రాజెక్టుకైనా పునాది నుంచి పారాపెట్ వరకు కోసి చూపించే పెద్ద సెక్షన్ పెట్టండి. ప్లింత్ బీమ్, సిల్, లింటెల్, సన్‌షేడ్, శ్లాబ్, వాటర్‌ప్రూఫింగ్, నీళ్లు పోయే వాలు, అన్నీ రాసి ఉండాలి.

ట్రైనింగ్‌లో చేసిన ఆఫీసు డ్రాయింగులు పెట్టొచ్చా?

ఆ ఆఫీసును అడిగి పెట్టండి. ఇంటి యజమాని పేరు, చిరునామా తీసేయండి. ఏది మీరు గీశారో, ఏది సీనియర్లు గీసినదాన్ని సరిదిద్దారో స్పష్టంగా రాయండి. మా ఆఫీసుకు వచ్చిన ఒక అబ్బాయి అపార్ట్‌మెంటు సెట్ మొత్తం తనదే అన్నాడు. సంప్ ఎక్కడుంది, మోటారు ఎక్కడ పెట్టారు అని అడిగితే చెప్పలేకపోయాడు. పార్కింగ్ లేఔట్ ఒక్కటే తను చేశాడని తర్వాత తేలింది. ఆ లేఔట్ నిజంగా బాగుంది. అదొక్కటే చూపించి ఉంటే తీసుకునేవాళ్లం.

మన ఊళ్ల మీద చేసిన పని పెడితే చిన్నచూపు చూస్తారా? మ్యూజియం, ఎయిర్‌పోర్టు లాంటివే పెట్టాలా?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. మన దగ్గర ఉన్నది మనకే కనబడడం లేదు.

మన తీరం వెంబడి మత్స్యకారుల ఊళ్లలో చుట్టిళ్లు ఇంకా అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. గుండ్రటి మట్టిగోడ, దాని మీద శంకువులా దిగిన తాటాకు కప్పు, వంగితే తప్ప దూరలేనంత కిందికి వచ్చిన చూరు. ఒకసారి టేపు పట్టుకుని అలాంటి ఇంటిని కొలిచి చూడండి. గుండ్రటి గోడ కాబట్టి గాలి పక్కలకు జారిపోతుంది, పలక గోడను కొట్టినట్టు కొట్టదు. చూరు అంత కిందికి ఉండడం వల్ల వాన మట్టిగోడను తాకదు. మధ్యాహ్నం ఎండలో కూడా లోపల చల్లగా ఉంటుంది. తుఫాన్ల తీరంలో, చుట్టుపక్కల దొరికే సామానుతో, ఆర్కిటెక్టు లేకుండా వచ్చిన జవాబు అది. దాని ప్లాన్, సెక్షన్, కప్పు కట్టే వరుస, ముడులు వేసే తీరు నాలుగు పేజీల్లో పెట్టిన అమ్మాయిని నేను ఇంటర్వ్యూ చేశాను. గంటన్నర మాట్లాడుకున్నాం. ఆ పేజీలు చూశాక సాఫ్ట్‌వేర్ గురించి అడగాలనే అనిపించలేదు.

చుట్టిల్లే కానక్కర్లేదు. విజయనగరంలో ఎనిమిది పలకల గంటస్తంభం, 1713లో పునాది వేసిన కోట, శ్రీముఖలింగంలో తూర్పు గాంగుల నాటి రాతి చెక్కడాలు, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీది ఇటుక స్తూపాలు, మీ తాతగారి మండువా లోగిలి, ఏదైనా సరే. ఫొటోలు అతికించి చరిత్ర రాస్తే సరిపోదు. కొలిచి, గీసి, అది ఎలా నిలబడిందో మీ మాటల్లో చెప్పాలి.

## చదువుకోవాల్సినవి

థియరీ అంతా మర్చిపోయాను. కనీసం ఏవి గుర్తుంచుకోవాలి?

అన్నీ అక్కర్లేదు. రోజూ ప్లాన్‌లో వాడే కొలతలు నోటికి రావాలి. జాతీయ భవన నియమావళి 2016 ప్రకారం నివాస గది ఎత్తు కనీసం 2.75 మీటర్లు. ఒకే గది ఉంటే వైశాల్యం కనీసం 9.5 చదరపు మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు. ఇళ్లలో మెట్టు వెడల్పు కనీసం 250 మిల్లీమీటర్లు, ఎత్తు 190 దాటకూడదు. ఇతర భవనాల్లో వెడల్పు 300, ఎత్తు 150. చక్రాల కుర్చీ ర్యాంపుకు వాలు 1:12. ఎత్తైన భవనం అంటే ఆ నియమావళిలో 15 మీటర్లు, అంతకు మించినది.

కాంక్రీటు విషయంలో ఐఎస్ 456:2000 (కాంక్రీటు పనికి భారత ప్రమాణం) నుంచి కవర్, అంటే ఇనుము మీద ఉండాల్సిన కాంక్రీటు మందం, అడుగుతారు. మామూలు పరిస్థితుల్లో శ్లాబుకు 20, బీముకు 25, కాలమ్‌కు 40, ఫుటింగ్‌కు 50 మిల్లీమీటర్లు అని సైటులో అందరూ చెబుతారు. అంకెతో ఆగకండి. కవర్ తక్కువైతే ఏమవుతుందో చెప్పండి. తేమ లోపలికి చేరి, ఇనుము తుప్పు పట్టి, ఉబ్బి, కాంక్రీటు పెచ్చులూడుతుంది. మీ వీధిలోనే అలా పెచ్చులూడిన సన్‌షేడ్ ఒకటి తప్పకుండా ఉంటుంది, దాన్నే ఉదాహరణగా చెప్పండి.

సముద్రం పక్క ఊళ్ల గురించి ప్రత్యేకంగా అడుగుతారా?

వైజాగ్ ఆఫీసుల్లో అడుగుతారు. మన జిల్లాల నుంచి వచ్చారని తెలిస్తే ఇంకా అడుగుతారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాన్లు చూసినవాళ్లం మనం. తిత్లీ తర్వాత ఉద్దానంలో ఏ కప్పులు ఎగిరిపోయాయో, ఏవి నిలిచాయో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగినా చెబుతారు. ఆ చూసినదాన్ని సాంకేతికంగా చెప్పగలగాలి. గాలి భారాల ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖపట్నానికి ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. రేకు కప్పు మీద గాలి కిందికి నొక్కడమే కాదు, పైకి లాగుతుంది కూడా. అందుకే అంచుల్లో, మూలల్లో బిగింపులు దగ్గర దగ్గరగా వేయాలి.

ఉప్పుగాలి తగిలే చోట ఐఎస్ 456 ప్రకారం వాతావరణాన్ని తీవ్రమైనదిగా లెక్కేస్తారు. కాంక్రీటు బలం కనీసం ఎం30 గ్రేడు ఉండాలి, కవర్ 45 మిల్లీమీటర్లు ఉండాలి. ఇక అలల పోటు గీత నుంచి భూమి వైపు 500 మీటర్ల వరకు తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి లాంటి తీరపు ఊళ్లలో రిసార్టు ప్రాజెక్టు చేసి ఉంటే ఈ ప్రశ్న ఖాయం అనుకోండి. కాలేజీలో ఆ నిబంధన పట్టించుకోకుండా డిజైన్ చేసి ఉంటే దాచొద్దు. ‘ఇప్పుడైతే భవనాన్ని ఇంత వెనక్కి జరుపుతాను’ అని ప్లాన్ మీదే చూపించండి.

ఏపీ బిల్డింగ్ రూల్స్ మొత్తం బట్టీ పట్టాలా?

అక్కర్లేదు. 2017 నాటి ఏపీ బిల్డింగ్ రూల్స్ ఒకసారి పూర్తిగా చదవండి. సవరణలు తరచూ వస్తుంటాయి కాబట్టి తాజా ఉత్తర్వులు కూడా చూసుకోండి. అంకెల కన్నా వాటి వెనకున్న లెక్క ముఖ్యం. స్థలం విస్తీర్ణం, భవనం ఎత్తు, ముందున్న రోడ్డు వెడల్పు, ఈ మూడింటి మీదే ఖాళీగా వదలాల్సిన జాగా ఆధారపడుతుంది.

దీనికి మంచి సాధన ఒకటుంది. మీ సొంత ఇంటి స్థలం కొలిచి, ఇప్పటి రూల్స్ ప్రకారం అక్కడ ఎంత కట్టొచ్చో లెక్క వేయండి. మన పాత పేటల్లో సందులు ఇరుకు కాబట్టి రోడ్డు విస్తరణకు ఎంత పోతుందో కూడా తెలుస్తుంది. ఆ కాగితం ఇంటర్వ్యూకు పట్టుకెళ్లండి. మున్సిపాలిటీలో ప్లాన్ అప్రూవల్‌కు తిరిగే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్ మీకు తెలిసినవాళ్లుంటే, ఒక ఫైలు మొదటి నుంచి చివరి దాకా ఎలా నడుస్తుందో అడిగి తెలుసుకోండి.

సెంట్లు, గజాలు, చదరపు అడుగుల్లో తికమకపడతాను.

సెంటు అంటే 435.6 చదరపు అడుగులు, 48.4 చదరపు గజాలు, దాదాపు 40.47 చదరపు మీటర్లు. ఊళ్లలో సెంట్లు, పట్టణంలో గజాలు, డ్రాయింగులో మీటర్లు. మూడింట్లోనూ వెంటనే చెప్పడం రావాలి.

ఆటోక్యాడ్, స్కెచప్ వచ్చు. రెవిట్ రాదు. ఉద్యోగం ఇవ్వరా?

చిన్న ఆఫీసుల్లో ఆ రెండూ చాలు. పెద్ద ఆఫీసుల్లో, ఆసుపత్రులూ ఐటీ భవనాలూ చేసే చోట రెవిట్ (భవనాన్ని త్రీడీ మోడల్‌గా కట్టే సాఫ్ట్‌వేర్) అడుగుతారు. రాదంటే రాదనే చెప్పండి. ఇంటర్వ్యూకు నెల టైముంటే మీ పాత ప్రాజెక్టు ఒకదాన్ని రెవిట్‌లో మళ్లీ కట్టండి. అంతా అవ్వకపోయినా ‘మెట్ల దగ్గర ఆగిపోయాను’ అని చూపించొచ్చు. వచ్చని చెప్పి, అక్కడే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాక చేతులు ఆగిపోవడం చాలా ఇబ్బందిగా ఉంటుంది, మీకూ, చూసేవాళ్లకూ.

వాస్తు నమ్ముతారా అని అడిగితే ఏం చెప్పాలి?

మీ నమ్మకం వాళ్లకు అక్కర్లేదు. క్లయింట్‌తో గొడవ పడకుండా మంచి ఇల్లు గీయగలరా అని తెలుసుకోవాలి, అంతే. ‘క్లయింటు కోరితే దాన్ని కూడా మిగతా అవసరాలతో పాటు లెక్కలోకి తీసుకుంటాను’ అని చెప్పి ఒక ఉదాహరణ ఇవ్వండి. మనకు సముద్రం ఆగ్నేయం వైపు ఉంది. ఆగ్నేయంలో వంటిల్లు పెడితే సముద్రపు గాలి వంటింటి మీదుగానే ఇంట్లోకి వస్తుంది. కాబట్టి పోపు ఘాటు హాల్లోకి రాకుండా కిటికీ ఎటు, తలుపు ఎటు, ఎగ్జాస్ట్ ఎటు అని ఆలోచించాలి. ఇలా చెప్పినవాళ్లను వాస్తు గురించి ఎవరూ రెండో ప్రశ్న అడగరు.

## ఇంటర్వ్యూ రోజు

డిజైన్ టెస్ట్ పెడతారట. ఏమిస్తారు?

ఆఫీసును బట్టి గంట నుంచి మూడు గంటలు ఉంటుంది. ముప్పై అడుగుల సైటులో చిన్న ఇల్లు, టాయిలెట్ ప్లాన్, లేదా మెట్లు. నేనైతే మెట్లే ఇస్తాను. మెట్లలో అన్నీ బయటపడతాయి.

ఒక లెక్క చేసి చూపిస్తాను. ఇంట్లో ఫ్లోరు నుంచి ఫ్లోరుకు 3 మీటర్లు. 18 మెట్ల ఎత్తులు తీసుకుంటే ఒక్కోటి దాదాపు 167 మిల్లీమీటర్లు. రెండు వరుసలు, ఒక్కో వరుసలో 9 ఎత్తులు, 8 మెట్లు. మెట్టు వెడల్పు 250 అనుకుంటే వరుస పొడవు 2 మీటర్లు. ల్యాండింగ్ 1 మీటరు. అంటే మెట్ల గది లోపలి పొడవు 3 మీటర్లు, వెడల్పు రెండు వరుసలకు 2 మీటర్లు, మధ్య సందు కలిపి 2.1. ఎనిమిదా తొమ్మిదా అన్న దగ్గరే చాలామంది తప్పుతారు. చివరి ఎత్తు ఎక్కితే ల్యాండింగ్ మీదే ఉంటాం కాబట్టి మెట్టు ఒకటి తగ్గుతుంది.

అసలు చిక్కు ఆ తర్వాత ఉంది. పదిమందిలో ఏడెనిమిది మంది ల్యాండింగ్ కింద నుంచి పెరట్లోకి తలుపు పెడతారు. ప్లాన్‌లో చక్కగా కనిపిస్తుంది. కానీ ల్యాండింగ్ 1.5 మీటర్ల ఎత్తులో ఉంది. దాని మందం తీసేస్తే కింద 1.35 మీటర్లే మిగులుతుంది. నియమావళి ప్రకారం అక్కడ నడిచే దారికి 2.2 మీటర్ల తలఎత్తు ఉండాలి. సెక్షన్ గీసిన వెంటనే ఇది తెలుస్తుంది. అందుకే టెస్టులో ప్లాన్ పూర్తయ్యే దాకా ఆగకుండా, పక్కనే చిన్న సెక్షన్ చేత్తో గీసుకుంటూ వెళ్లండి. డ్రాయింగ్ పూర్తి కాకపోయినా ఫర్వాలేదు, ఆలోచన కనబడాలి.

నాది తెలుగు మీడియం. ఇంగ్లీషులో తడబడతాను.

వైజాగ్, విజయనగరం ఆఫీసుల్లో చాలావరకు తెలుగులోనే మాట్లాడతారు. బెంగళూరు, పుణె అయితే ఇంగ్లీషు తప్పదు. రెండు చోట్లకూ సాధన ఒకటే. మీ ఒక్కో ప్రాజెక్టును మూడు నిమిషాల్లో చెప్పడం నేర్చుకోండి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. సైటు ఎలా ఉంది, ఏ సమస్య ఎదురైంది, నేనేం చేశాను, ఈ మూడే. మాట ఆగిపోతే పెన్సిల్ తీసుకుని గీసి చూపించండి. మన వృత్తిలో అది లోటు కాదు. ఇంకో సంగతి, సైటులో మేస్త్రి ‘బాబూ, ఈ దూలం ఎక్కడ ఆన్తాది?’ అని అడిగితే ఆయన మాటలోనే జవాబు చెప్పగలగడం పెద్ద అర్హత. దాన్ని ఇంటర్వ్యూలో చెప్పుకోండి.

ఏం వేసుకెళ్లాలి?

శుభ్రమైన, ఇస్త్రీ చేసిన మామూలు బట్టలు. టై అక్కర్లేదు. సైటు చూపిస్తామని తీసుకెళ్లే ఆఫీసులున్నాయి కాబట్టి నడవడానికి వీలైన బూట్లు వేసుకోండి.

పొద్దున పదింటికి వైజాగ్‌లో ఇంటర్వ్యూ. ఆ రోజే బయల్దేరితే సరిపోతుందా?

విజయనగరం నుంచి అయితే 60 కిలోమీటర్లే, ఏడింటిలోపు బస్సెక్కితే నిదానంగా చేరతారు. శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్ల పైనే. రైలైతే స్టేషన్ ఊళ్లో లేదు, ఆమదాలవలసలో ఉంది. అక్కడికి చేరే టైము కూడా కలుపుకోండి. పలాస, ఇచ్ఛాపురం వాళ్లు ముందు రోజు సాయంత్రమే వెళ్లి చుట్టాలింట్లోనో స్నేహితుల గదిలోనో దిగడం మంచిది. ఎ3 ప్రింట్లు ఇంటి దగ్గరే తీసుకుని గట్టి ఫోల్డర్‌లో పెట్టుకోండి. పెన్సిల్, స్కేలు, ట్రేసింగ్ షీటు కూడా. ల్యాప్‌టాప్‌లో ఉన్నది పెన్‌డ్రైవ్‌లోనూ ఉండాలి.

నా డిజైన్‌ను తప్పుపడితే ఏం చేయాలి?

నా మొదటి ఇంటర్వ్యూలో జరిగింది చెబుతాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన నా ప్లాన్ మీద ట్రేసింగ్ షీటు పరిచి, భోజనాల గదిలోంచి నేరుగా కనిపిస్తున్న టాయిలెట్ తలుపును ఎర్ర పెన్సిల్‌తో చుట్టారు. ఏమీ అనలేదు, చుట్టి ఊరుకున్నారు. నాకు ముచ్చెమటలు పోశాయి. ఇరవై నిమిషాలు ఆ తలుపు అక్కడే ఎందుకుండాలో వాదించాను. పైప్‌లైన్ అన్నాను, గోడ పొడవు అన్నాను. చివరికి ఆయన పెన్సిల్ నా చేతికిచ్చి ‘ఇప్పుడు మార్చు’ అన్నారు. తలుపు పక్క గోడకు తిప్పడానికి అర నిమిషం పట్టింది. ఆ ఉద్యోగం రాలేదు.

విమర్శ వచ్చినప్పుడు ముందు వినండి. వాళ్లు చెప్పింది సరైనదైతే ‘అవును సార్, ఇలా మార్చొచ్చు’ అని అక్కడే గీయండి. మీరు చేసిందే సరైనదని గట్టిగా అనిపిస్తే కారణం ఒక్కసారి నెమ్మదిగా చెప్పి ఆపండి. కొందరు కావాలనే తప్పు కానిదాన్ని తప్పంటారు, మీరు దేనికి నిలబడతారో చూడడానికి. అందుకే ప్రతి ప్రాజెక్టులో ముఖ్యమైన నాలుగు నిర్ణయాలకు కారణాలు ముందే రాసి పెట్టుకోండి.

జవాబు తెలియకపోతే?

‘తెలియదు’ అనండి. దానికి ‘ఎక్కడ వెతకాలో తెలుసు’ అని కలిపి, ఎక్కడో చెప్పండి. ఊహించి అంకె చెబితే మాత్రం చూస్తూ ఊరుకోరు. ఆ అంకెతోనే రేపు సైటులో ఇనుము వంచుతారని వాళ్లకు తెలుసు.

అమ్మాయిని కదా, సైటుకు పంపం, పెళ్లెప్పుడు అంటారేమో?

ఇంకా అడిగే ఆఫీసులున్నాయి. అడగకూడని ప్రశ్న అది. ‘సైటు పని నేర్చుకోవాలనే వచ్చాను, పంపకపోతే నాకు నష్టం’ అని సూటిగా చెప్పండి. పెళ్లి విషయం ‘అది నా పనికి అడ్డురాదు’ అని అక్కడితో ముగించండి. మీరూ అడగండి. సైటుకు ఎలా వెళ్లాలి, సాయంత్రం ఎన్నింటికి తిరిగి రావచ్చు, అక్కడ టాయిలెట్ ఉందా. ఈ ప్రశ్నలకు సరిగ్గా జవాబు చెప్పని ఆఫీసు గురించి రెండోసారి ఆలోచించండి.

వీడియో ఇంటర్వ్యూ అన్నారు. మా ఊళ్లో సిగ్నల్ సరిగా ఉండదు.

ముందు రోజు అదే టైములో, అదే చోట పరీక్షించండి. పీడీఎఫ్ ముందే మెయిల్ చేసేయండి, స్క్రీన్ ఆగిపోయినా వాళ్ల దగ్గర ఉంటుంది. పేజీ నంబర్లు పెద్దగా వేయండి. ‘పన్నెండో పేజీ చూడండి సార్’ అంటే ఫోన్‌లోనైనా ఇంటర్వ్యూ నడుస్తుంది.

## జీతం, ఆఫర్, ఆ తర్వాత

జీతం ఎంత అడగాలి?

ముందు మీ ఖర్చు లెక్క వేయండి. ఆ ఊళ్లో గది అద్దె, భోజనం, బస్సు, ఇంటికి రానూ పోనూ. దానికన్నా తక్కువకు చేరితే ఆరు నెలల్లో విసిగిపోతారు. అదే ఊళ్లో పనిచేస్తున్న మీ సీనియర్లు ముగ్గురిని అడిగితే మొదటి జీతం ఎంత ఉంటుందో తెలుస్తుంది. అడిగినప్పుడు ‘మీ ఇష్టం సార్’ అనొద్దు, అంకె చెప్పండి. మొదటి జీతాలు మన వృత్తిలో తక్కువే. ఐదేళ్లు కష్టపడి చదివినవాళ్లకు ఇది న్యాయం కాదని నేను నమ్ముతాను, ఆఫీసు నడిపే స్థానంలో ఉండి కూడా. శనివారాలు, రాత్రి పని, సైటు ప్రయాణం ఖర్చు ఎవరిది, జీతం ఎప్పుడు పెంచుతారు, ఇవి కూడా అప్పుడే అడగండి.

మూడు నెలలు జీతం లేకుండా చేయమంటున్నారు. చేరనా?

చేరొద్దు. మీ పని చూడాలనుకుంటే ఒక రోజు టెస్టు పెట్టుకోవచ్చు, వారం రోజులు డబ్బిచ్చి చేయించుకోవచ్చు.

బాండ్ రాయమన్నారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మన్నారు.

ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి, ఎవరి దగ్గరా వదలొద్దు. జిరాక్సులు ఇవ్వండి. బాండ్ అయితే సంతకానికి ముందు ఇంటికి తెచ్చి పెద్దవాళ్లతో, వీలైతే తెలిసిన వకీలుతో చదివించండి. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఈ రెండూ అంకెల్లో ఉండాలి. నోటిమాటను నమ్మి చేరినవాళ్లు తర్వాత అనుభవ పత్రం కోసం నెలల తరబడి తిరగడం చూశాను.

‘చూసి చెబుతాం’ అన్నారు. పది రోజులైంది. ఫోన్ చేస్తే బాగుండదేమో?

చేయండి. ఇంటర్వ్యూ అయిన మర్నాడే చిన్న మెయిల్ పెట్టి ఉండాల్సింది, పెట్టకపోతే ఇప్పుడు పెట్టండి. టెస్టులో మీ డ్రాయింగ్‌ను సరిదిద్ది ఉంటే, ఆ మార్పుతో మళ్లీ గీసి దానికి జత చేయండి. రెండు రోజులు ఆగి, పొద్దున పదకొండు గంటలప్పుడు ఫోన్ చేయండి, అప్పటికి సైటు ఫోన్ల హడావిడి కాస్త తగ్గుతుంది. తీసుకోలేదంటే, ఏ విషయంలో తక్కువైందో ఒక్క మాటలో చెప్పమని అడగండి. చాలామంది చెబుతారు. నన్ను అలా అడిగిన ఒక అబ్బాయికి ‘వర్కింగ్ డ్రాయింగ్స్ రావడం లేదు’ అన్నాను. నాలుగు నెలల తర్వాత వాళ్ల మావయ్య ఇంటికి పూర్తి సెట్ గీసుకుని, డోర్ షెడ్యూల్‌తో (తలుపుల కొలతల పట్టికతో) సహా పట్టుకొచ్చాడు. ఇప్పుడు నా పక్క టేబుల్ దగ్గర పనిచేస్తున్నాడు.